వోచర్ మీద నా చేతిరాత

బాలానగర్‌లో ఒక ప్రెస్ షాపులో పదకొండేళ్లు లెక్కలు రాశాను. ప్రెస్ అంటే పెళ్లి కార్డులు అచ్చువేసే చోటనుకుని మా అత్తగారు బంధువులందరికీ అలాగే చెప్పుకున్నారు. నేనూ దిద్దలేదు. మాది రేకు పని. ఇనుప షీటును కోసి, చిల్లులు పొడిచి, వంచి క్లాంపులు, వాషర్లు తీసే పవర్ ప్రెస్సులు ఆరు ఉండేవి. చింతల్‌లో మా ఇంటి నుంచి ఐడీపీఎల్ మీదుగా షేర్ ఆటోలో పావుగంట. తొమ్మిదిన్నరకు వెళ్లి కూర్చుంటే, టేబుల్ మీద గ్లాసులో నీళ్లు సాయంత్రం దాకా దెబ్బదెబ్బకీ వణుకుతూనే ఉండేవి.

ఆ ఉద్యోగం పోయి మూడేళ్లయింది. ఎందుకు పోయిందో ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కంపెనీ పేరు, మనుషుల పేర్లు ఇప్పుడూ రాయను.

మా రిజిస్టర్‌లో ఎప్పుడూ తొమ్మిది పేర్లే ఉండేవి. పదో మనిషి అవసరమైతే గోడ అవతల, మేడమ్ గారి పేరున ఉన్న ఇంకో షెడ్డులో చేరేవాడు. పదిమంది అయితే ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా కట్టాలి కదా. కట్టాల్సింది కొండంత ఏమీ లేదు. నూటికి కార్మికుడి వాటా ముప్పావు రూపాయి, ఓనరు వాటా మూడుంబావు. కాగితం మీది 9,500 జీతానికి మనిషికి నెలకు 309 రూపాయలు. దానికోసం మధ్యలో గోడ కట్టించారు మా సారు.

కాగితం మీది జీతం అన్నాను. అసలు జీతం వేరు. స్క్రాపు కొంత బిల్లు లేకుండా అమ్మేవాళ్లం, ఆ డబ్బు ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. అందుకని వోచర్ మీద 9,500, చేతికి ఇంకో ఐదారు వేలు. వోచర్ రాసేది నేనే. రూపాయి రెవెన్యూ స్టాంపు నాలుకతో తడిపి అంటించి, "ఇక్కడ సంతకం పెట్టు" అని వేలితో చూపించేదాన్ని. లాక్‌డౌన్ తర్వాత నోట్లకు ఇబ్బందై, పైడబ్బును సారు తన సొంత ఫోన్‌పే నుంచి పంపడం మొదలుపెట్టారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నారాయణపేట వైపు నుంచి వచ్చిన ఆపరేటర్ ఒకతను నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. ఇక్కడా అలాగే రాస్తాను.

2021లో నిమజ్జనం ఆదివారం పడింది. పండగ సెలవులతో ఆర్డరు వెనకబడి మంగళవారం అందరూ ఉరుకులు పరుగుల మీద ఉన్నారు. మధ్యాహ్నం నేను టిఫిన్ బాక్సు కడుక్కుంటున్నాను. షాపు చప్పుడుకు ఒక వరస ఉంటుంది, ఏళ్ల తరబడి వింటే చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఆ వరస తప్పి రెండు దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అరుపేమీ వినబడలేదు. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోవడం మొదలైంది. అప్పుడు అర్థమైంది.

ప్రెస్ పని చూడనివాళ్ల కోసం చెబుతాను. పక్కన పెద్ద చక్రం తిరుగుతూనే ఉంటుంది. కాలితో పెడల్ తొక్కితే క్లచ్ పట్టుకుని, పైనున్న బరువు ఒక్కసారి కిందికి దిగి లేస్తుంది. అది లేచిన క్షణంలో ఆపరేటర్ చెయ్యి లోపల పెట్టి, తయారైన ముక్క తీసి, కొత్త రేకు పెట్టాలి. షిఫ్టుకు వేలసార్లు. క్లచ్ కీ అరిగినా, స్ప్రింగు సడలినా తొక్కకుండానే ఇంకో దెబ్బ పడుతుంది. దాన్ని షాపులో 'రిపీట్' అంటారు. ఆ మిషను రిపీట్ కొడుతోందని తమ్ముడు వారం ముందే చెప్పాడు. ఆర్డరు వెళ్లాక చూద్దామన్నారు సారు. చెయ్యి లోపలికి పోకుండా ముందు జాలీ గార్డు ఉండాలి. ఉండేది కూడా. గార్డు ఉంటే ముక్క తీయడం ఆలస్యమై ప్రొడక్షన్ పడిపోతుందని నేను చేరిన కొత్తలోనే విప్పి పక్కన పడేశారు. అందరం దాని మీద నీళ్ల డబ్బా పెట్టుకుని తాగేవాళ్లం.

కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు మొదలంటా పోయాయి. చిటికెన వేలు నలిగింది. ఎవరో వేళ్లను ఐస్‌లో పెట్టి తీసుకెళ్లారు గానీ, తెగిన వేళ్లు వేరు, నలిగిన వేళ్లు వేరు, అతికించడానికి వీల్లేదన్నారు డాక్టర్లు.

సారు చెడ్డమనిషని రాస్తే సగం అబద్ధమే అవుతుంది. ఆ రాత్రంతా ఆసుపత్రిలోనే ఉన్నారు, బిల్లు తనే కట్టారు. పిల్లల్ని కూర్చోబెట్టి బిస్కెట్ ప్యాకెట్లు కొనిచ్చారు. కానీ అదే రాత్రి సూపర్‌వైజర్ చేత చీటీలో 'ఇంటి దగ్గర దెబ్బ తగిలింది' అని రాయించారు. పని చోట జరిగిందని రాస్తే ఆసుపత్రివాళ్లు పోలీసులకు కబురు చేస్తారని భయం. డాక్టరు కేస్ షీట్ మొదటి పేజీలో ఆ ముక్కే ఇంగ్లీషులో ఎక్కింది. ఎవరికి ఏ దెబ్బ తగిలినా నేనిప్పుడు ముందు అడిగేది ఆ పేజీ గురించే. ఎముక ఎక్కడ విరిగింది, కుట్లు ఎన్ని అన్నది తర్వాత, దెబ్బ ఎక్కడ, ఎలా తగిలిందని రాశారో చూడండి. తప్పు రాసి ఉంటే పేషెంటు స్పృహలో ఉండగానే డాక్టరుతో చెప్పి దిద్దించుకోండి. నెల తర్వాత ఎవరూ దిద్దరు.

మూడు వారాలకు సారు నన్ను పిలిచి వంద రూపాయల స్టాంపు పేపర్ చేతిలో పెట్టారు. అరవై వేలు ముట్టాయి, ఇక ముందు ఏ క్లెయిమూ చేయను, చేస్తే చెల్లదు అని టైపు చేయమన్నారు. చేశాను. ఇంగ్లీషులో, తప్పుల్లేకుండా చేశాను. తమ్ముడు వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. అలవాటు కొద్దీ పెన్ను అతని వైపు జరిపి మళ్లీ వెనక్కి తీసుకున్నాను. ఇంక్ ప్యాడ్ తెచ్చి ఎడమ బొటనవేలు వేయించాను. చదివి వినిపించమని అతను అడగలేదు, నేనూ వినిపించలేదు.

మొదట అతనికి గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు, ఏడు వేలకు. సంక్రాంతి తర్వాత అదీ లేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం అతని భార్య మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. సూరారంలో మిషన్ కుడుతుంది. కుర్చీలో కూర్చోలేదు. స్టాంపు పేపర్ జిరాక్స్ నా చేతిలో పెట్టి, "నీ చేతులతోనే టైపు చేసినవ్ గదక్కా. చెల్తదో చెల్లదో నీకే తెల్వాలె" అంది. నాకు తెలియదు. పదకొండేళ్లు జీతాల రిజిస్టర్ రాసిన మనిషిని, పనిలో చెయ్యి పోతే చట్టం ఏమంటుందో ఒక్కసారి కూడా చదివి ఉండలేదు. చాలా సిగ్గేసింది. వాళ్లాయన పాత స్నేహితుడొకరు యూనియన్ మనిషి. ఆయన ద్వారా ఒక లాయర్ దగ్గరికి ముగ్గురం వెళ్లాం. సారుకు తెలియకుండా అన్నమాట.

లాయర్ గారు ఆ స్టాంపు పేపర్ చూసి నవ్వారు. పనిలో దెబ్బ తగిలినవాళ్లకు పరిహారం ఇప్పించే చట్టం 1923 నాటిది, పాతకాలంలో వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టం అనేవారు, 2010 జనవరి నుంచి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం అని పేరు మార్చారు. అందులో 17వ సెక్షన్ ప్రకారం, నష్టపరిహారం హక్కును వదులుకుంటున్నానని కార్మికుడు ఏ కాగితం మీద రాసిచ్చినా అది చెల్లదు. స్టాంపు వంద రూపాయలదైనా వెయ్యి రూపాయలదైనా అంతే. నిజంగా రాజీ పడ్డారనుకుంటే ఆ ఒప్పందాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాలి, మొత్తం మరీ తక్కువగా ఉంటే ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా. అరవై వేలు ఇచ్చినట్టు సాక్ష్యంగా మాత్రం ఆ పేపర్ పనికొస్తుంది, ఆ మేరకు తగ్గిస్తారు అన్నారు.

ఇంకో విషయం నాకు సూదిలా గుచ్చుకుంది. నేనడిగాను, తొమ్మిదిమందే ఉన్న షెడ్డుకు ఈ చట్టం వర్తిస్తుందా అని. కరెంటుతో నడిచే చోట వస్తువు తయారీ జరుగుతుంటే తలకాయలు లెక్కపెట్టనక్కర్లేదన్నారు. 2010కి ముందు ఈ చట్టంలో గుమస్తాలకు చోటు లేదట. "ఇప్పుడు మీరూ ఉన్నారమ్మా" అన్నారు. రేపు నేను మెట్ల మీద నుంచి పడినా నా జీతం లెక్క తీసేది నేను రాసిన వోచరే. నాదీ కాగితం మీద 9,500.

ఈఎస్ఐ ఉంటే ఈ గొడవే లేదు. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి మా షాపుకు కూతవేటు దూరం. పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఉచితం, కోలుకునే దాకా జీతంలో నూటికి తొంభై చేతికొస్తుంది, శాశ్వతంగా అంగం పోతే బతికున్నంతకాలం నెలనెలా పెన్షన్ లాంటిది వస్తుంది. ఈఎస్ఐలో ఉన్నవాళ్లు ఈ 1923 చట్టం కింద మళ్లీ అడగడానికి వీల్లేదు, రెండింట్లో ఒకటే. మావాడికి అది లేదు కాబట్టి ఇది. ఓనర్లకు నాదొక మాట, ఈఎస్ఐ కట్టిన ఓనరు జేబులోంచి లక్షలు తీయాల్సిన పని ఉండదు. నెలకు 309 రూపాయలు మిగిల్చిన మా సారు చివరికి కట్టిందెంతో కింద రాస్తాను.

ఆ చట్టం కింద కేసు వేయడానికి ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉండేది. మేం తొమ్మిదో నెలలో వేశాం. లేబర్ డిపార్ట్‌మెంట్ అధికారే ఈ చట్టానికి కమిషనర్‌గా కూర్చుంటారు. సివిల్ కోర్టులో లాగా దావా సొమ్మును బట్టి వేలకు వేలు ఫీజు ఉండదు. ఎఫ్ఐఆర్ లేకపోతే కేసు నిలవదని చాలామంది అనుకుంటారు, అదీ నిజం కాదు. ఉంటే బలమే, లేకపోతే వేరే సాక్ష్యం చూపాలి. ఏ ఆఫీసులో నడిచిందో రాయను. ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లు మాత్రం ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో వాకబు చేయొచ్చు. కార్మిక సంఘాల నుంచి ముఖ్యమంత్రి దాకా ఎదిగిన టంగుటూరి అంజయ్య గారి పేరు పెట్టారు దానికి.

మా కేసుకు జవాబుగా సారు వేసిన కౌంటర్ కాపీ చదివి మా ఆయన పడీపడీ నవ్వాడు. రెండో పేజీలో, చెయ్యి ఇంటి దగ్గర తెగింది, కావాలంటే కేస్ షీట్ చూసుకోండి అని ఉంది. నాలుగో పేజీలో, ఎంత చెప్పినా వినకుండా గార్డు తనే తీసేసి పనిచేశాడు కాబట్టి పరిహారం ఇవ్వనక్కర్లేదు అని ఉంది. ఇంట్లో తెగితే గార్డుతో పనేమిటో. కానీ లాయర్ గారు నవ్వలేదు. తాగి పనిచేసినా, భద్రత కోసం పెట్టిన గార్డును కార్మికుడు కావాలని తీసేసినా, మనిషి చనిపోయిన లేదా పూర్తిగా ఏ పనికీ పనికిరాకుండా పోయిన కేసుల్లో తప్ప ఓనరు తప్పించుకోవచ్చు. మనది మూడు వేళ్ల కేసు. గార్డు ఎవరు తీశారో తేల్చాలి అన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్ తిప్పుతుంటే 2018 దసరా ఫొటో కనబడింది. ఏటా ఆయుధపూజకు మిషన్లకు బంతిపూల దండలు వేసి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి అందరం ఫొటో దిగుతాం. ఆ ఫొటోలో నాలుగో నంబర్ ప్రెస్సుకు దండ ఉంది, ముందు గార్డు లేదు. పక్కనే నేల మీద గార్డు, దాని మీద నీలం నీళ్ల డబ్బా, డబ్బాకు కూడా ఎవరో చిలిపిగా బొట్టు పెట్టారు. సారు మధ్యలో హారతి పళ్లెంతో నిలబడి ఉన్నారు. తమ్ముడు మా దగ్గర చేరింది 2019లో. అతను రాకముందే గార్డు మంచినీళ్ల స్టాండు అయిపోయిందన్నమాట.

సాక్షిగా నాకు సమన్లు వచ్చాయి. కంపెనీ అడ్రసుకే వచ్చాయి. టపా తీసుకునేది నేనే కాబట్టి నా సమన్లు నేనే ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో ఎక్కించుకుని, నేనే సారు టేబుల్ మీద పెట్టాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, "ఆ రోజు ఒంట్లో బాగాలేదని చెప్పమ్మా, నేను చూసుకుంటాను" అన్నారు. గొంతు పెంచలేదు. నా కూతురి ఇంటర్ ఫీజుకు అడ్వాన్స్ ఇచ్చిన మనిషి ఆయన. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. మా ఆయన "నీ ఇష్టం" అని ఊరుకున్నాడు, ఆ మాట కన్నా వెళ్లమనో వద్దనో అంటే బాగుండేదనిపించింది.

వెళ్లాను. సినిమాల్లో చూసే బోను ఏమీ లేదు. బల్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీ. నేను చెప్పేది టైపిస్టు కొడుతుంటే, రిబ్బన్ లేని కంప్యూటర్ అయినా అలవాటుగా మాట మాటకీ ఆగి చెప్పాను. కంపెనీ లాయర్ లేచి వోచర్ల కట్ట నా ముందు పెట్టాడు.

"ఈ చేతిరాత ఎవరిది?"

"నాదే."

"9,500 అని రాసింది మీరేనా?"

"నేనే."

"ఇప్పుడేమో జీతం 15,000 అంటున్నారు. అప్పుడు అబద్ధం రాశారా, ఇప్పుడు అబద్ధం చెబుతున్నారా?"

ఈ ప్రశ్న వస్తుందని మా లాయర్ ముందే చెప్పారు, ఎలా చెప్పాలో కూడా నేర్పారు. నేర్పింది ఒక్క ముక్కా గుర్తు రాలేదు. "అప్పుడు" అన్నాను. టైపిస్టు తలెత్తి చూసింది.

ఫోన్‌పే అప్పుడు పనికొచ్చింది. నెలనెలా ఏడో తేదీకీ పదో తేదీకీ మధ్య సారు నంబరు నుంచి తమ్ముడి నంబరుకు 5,500 వెళ్లినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది. అది చేబదులు అన్నారు సారు. ఎన్నడూ తిరిగి తీసుకోని చేబదులు, అదీ ప్రతి నెలా ఒకే మొత్తం, అదే వారంలో మిగతా ఎనిమిది మందికి కూడా ఎందుకు ఇచ్చారని కమిషనర్ గారే అడిగారు. ఆయన అడిగిన ప్రశ్న అదొక్కటే. గార్డు ఫొటో కూడా చూశారు, వేళ్లతో పెద్దది చేసి నీళ్ల డబ్బాను చాలాసేపు చూశారు.

ఇక లెక్క, మా కేసు నాటి చట్టం ప్రకారం. దీని కోసమే ఈ పోస్టు చదువుతున్నవాళ్లు ఉంటారని తెలుసు. శాశ్వతంగా పూర్తి వైకల్యం వస్తే నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఇచ్చిన ఒక అంకెతో హెచ్చవేయాలి. మనిషి చనిపోతే 60 బదులు 50 శాతం. 2020 జనవరి 3 నుంచి నెల జీతం 15,000 దాకానే లెక్కలోకి తీసుకుంటారు, మీకు నలభై వేలు వచ్చినా సరే. అంతకుముందు ఆ పరిమితి 8,000. తమ్ముడికి ఆధార్ ప్రకారం 30 నిండాయి, ఆ వయసుకు అంకె 207.98. ఒక ఏడు ఎక్కువైతే 205.95. ఆధార్‌లో అందరూ జనవరి 1న పుట్టిన దేశం మనది, ఆ తేదీతో కూడా డబ్బులు మారతాయి. 9,000 ఇంటూ 207.98 అంటే 18,71,820. ఇది మనిషి మొత్తం ధర. అందులో ఏ అంగం పోతే నూటికెంతో చట్టం వెనకాల పట్టిక ఉంది.

ఆ పట్టిక చదువుతుంటే కూకట్‌పల్లి రైతుబజార్ గేటు దగ్గర రోజూ సుద్దతో రాసే ధరల బోర్డు గుర్తొచ్చింది. బొటనవేలు 30. చూపుడు వేలు మొత్తం 14, రెండు కణుపులైతే 11, ఒక కణుపైతే 9, ఎముక పోకుండా కొస మాత్రమే తెగితే 5. మధ్య వేలు 12. ఉంగరం వేలుకీ చిటికెన వేలుకీ 7 చొప్పున. ఒకే చేతికి మూడు వేళ్లు పోతే 30, నాలుగు పోతే 50.

చూశారా, చిటికెన వేలు ఒంటరిగా పోతే 7, మిగతా మూడింటితో కలిసి పోతే దాని విలువ 20. తమ్ముడి చిటికెన వేలు చేతికి ఉంది గానీ సరిగ్గా వంగదు. వేలు ఉన్నా పూర్తిగా, శాశ్వతంగా పనిచేయకపోతే పోయినట్టే లెక్క అని ఆ పట్టిక కిందే రాసి ఉంది. మా లాయర్ దాన్ని పట్టుకున్నారు. ఒకరోజు డాక్టరు గారు వాంగ్మూలం ఇస్తూ అతని వేలు పట్టుకుని "వంచు" అన్నారు. తమ్ముడు పళ్లు బిగించి వంచాడు. కొంచెం కదిలింది. ఎందుకు వంచావురా అని నేను లోపల్లోపల తిట్టుకున్నాను. డాక్టరు వంచమంటే వంచాలనుకున్నాడు, అంతే. ఆ వేలు అలా కొంచెం కదిలినందుకు 3,74,364 రూపాయలు తేడా వచ్చింది. 30 శాతమే ఖాయమైంది.

లాయర్ గారు ఒక పాత తీర్పు కూడా చదివి వినిపించారు. 1968లో ఒడిశాలోని జయపురంలో సినిమా హాలు అలంకరణ పనిలో ఒక వడ్రంగి కిందపడి ఎడమచెయ్యి మోచేతి దగ్గర తీసేయాల్సి వచ్చింది. ఒంటిచేత్తో వడ్రంగం ఎలా చేస్తాడు, అతనికి నూటికి నూరు పోయినట్టే అని సుప్రీంకోర్టు 1975 చివర్లో తేల్చింది. పరిహారం ప్రమాదం జరిగిన రోజే బాకీ పడుతుందని కూడా ఆ తీర్పే చెప్పింది. బొటనవేలూ, సగం పనిచేసే చిటికెన వేలూ ఉన్న చేత్తో ప్రెస్ ఎలా తొక్కిస్తారు అని మా వాదన. వేరే పని చేసుకోగలడన్నారు, ఒప్పుకోలేదు. వైకల్యానికి ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో ఉన్న శాతానికి, సంపాదించే శక్తి ఎంత పోయిందన్న శాతానికి సంబంధం లేదని నాకు అక్కడే తెలిసింది. మొదటిది శరీరానిది, రెండోది పనిది. ఈ రెండో లెక్క కొంచెం కూడా దయగా లేదనే నా అభిప్రాయం, పట్టిక ఎవరు రాశారో వాళ్లు రేకు ముక్క ఎప్పుడూ పట్టుకుని ఉండరు.

ఆర్డరు 2024 మొదట్లో వచ్చింది. 5,61,546 రూపాయలు, ముట్టిన అరవై వేలు తీసేసి, ఏడాదికి 12 శాతం వడ్డీ. నా వోచరే నిజమని నమ్మి ఉంటే అసలు 3,55,646 అయ్యేది. రెండు లక్షల ఆరువేలు నా చేతిరాత ఖరీదు. నెలలోపు కట్టకుండా సాగదీసిన ఓనరుకు సగం దాకా జరిమానా కూడా వేయొచ్చు, అది వేయలేదు. హైకోర్టుకు వెళ్లాలంటే ఓనరు ముందు మొత్తం సొమ్ము డిపాజిట్ చేయాలి, అందుకేనేమో సారు అప్పీలుకు పోలేదు. అంతా కలిపి ఆరు లక్షలు దాటింది. లాయర్ గారికి ఒప్పుకున్న వాటా పోయింది. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉందట, మాకు పద్దెనిమిది నెలలకు పైనే పట్టింది. ఆ లోపు వాళ్లావిడ మెడలో పుస్తెలతాడు పసుపుతాడైంది.

సాక్ష్యం చెప్పిన మర్నాడు నేను ఆఫీసుకు వెళ్లేసరికి నా కుర్చీలో సారు తమ్ముడి కొడుకు కూర్చుని ఉన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. టిఫిన్ బాక్సు తీసుకుని వచ్చేశాను. ఇప్పుడు గాజులరామారంలో ఒక స్వీట్ షాపులో లెక్కలు చూస్తున్నాను. జీతం తక్కువ, గ్లాసులో నీళ్లు కదలవు.

తమ్ముడు డబ్బులో కొంత ఎఫ్‌డీ వేసి, కొంతతో వాళ్ల వీధిలో మోటారు వైండింగ్ సామాన్ల కొట్టు పెట్టాడు. బ్యాంకులో సంతకం కలవలేదని నాలుగుసార్లు తిప్పారు. పాత సంతకం కుడిచేతిది, కొత్తది ఎడమచేతిది, రెండూ ఒక్క మనిషివేనని నమ్మించడానికి ఆర్డర్ కాపీ చూపించాల్సి వచ్చింది.

ఒక్క మాట, ఇదంతా 1923 చట్టం కింద నడిచిన కేసు. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి ఆ చట్టం దాంట్లో కలిసిపోయింది. ఇంటికీ పనికీ మధ్య దారిలో ప్రమాదం జరిగితే, పనితో దానికి సంబంధం ఉందని చూపగలిగితే అదీ పనిలో జరిగినట్టేనని కోడ్‌లో విడిగా రాశారు. షేర్ ఆటోల్లో వేలాడుతూ వెళ్లే మా బాలానగర్ వాళ్లకు అది చిన్న విషయం కాదు. పాత సెక్షన్ నంబర్లు పట్టుకుని ఎవరైనా సలహా ఇస్తే, నాతో సహా, లాయర్‌ను ఇంకోసారి అడగండి.

ఇది రాస్తుండగానే ఫోన్ వచ్చింది. మా వెనక వీధిలో సెంట్రింగ్ పని చేసే అబ్బాయి నిన్న రెండో అంతస్తు నుంచి పడ్డాడట, తొడ ఎముక విరిగిందట. మేస్త్రీ దగ్గరుండి ఆసుపత్రిలో చేర్పించాడట, మంచి మనిషట. కేస్ షీట్ మొదటి పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమన్నాను. గంటన్నర అయింది, ఇంకా రాలేదు. చెప్పులేసుకుని వెళ్లొస్తాను.